గండి నుంచి కువైట్‌కు ఒక మాట

కంప్యూటర్, ఇంటర్నెట్లకు చెందిన పదాలు ఇవాళ తెలుగునాట ప్రతి నోటా వినిపిస్తున్నా, వాటిలో ఏ పదం ఏ వస్తువును సూచిస్తుందో, ఆ వస్తువు ఎక్కడ ఉంటుందో, ఎవరి అధీనంలో ఉంటుందో చెప్పే వివరణలు అరుదు. సర్వర్ డౌన్ అయిందని మీసేవ కేంద్రంలో విన్న రైతుకు ఆ సర్వర్ ఏ ఊళ్లో ఉందో తెలియదు. ఫొటోలన్నీ క్లౌడ్‌లో భద్రంగా ఉన్నాయని విన్న గృహిణికి ఆ క్లౌడ్ కూడా నేల మీద, కరెంటుతో నడిచే భవనమేనని ఎవరూ చెప్పరు. పదానికి నిర్వచనం ఇవ్వడం సులభమే కాని, వస్తువు ఉన్న చోటు తెలియనిదే ఆ నిర్వచనం మనసులో నిలవదు. అందువల్ల ఈ వ్యాసం ఒకే ఒక్క మాట వెంట నడుస్తుంది. ఆ మాట దారిలో ఎదురైన పదాన్ని ఎదురైన చోటనే వివరిస్తుంది.

కడప జిల్లాలో వేంపల్లెకు చేరువగా, పాపఘ్ని నది కొండల నడుమ దారి చేసుకుని వచ్చే చోట, వీరాంజనేయ క్షేత్రంగా పేరుపొందిన గండి ఉంది. శ్రావణమాసపు శనివారాల్లో ఇక్కడికి వచ్చే భక్తుల్లో చాలామంది ఇళ్ల నుంచి ఎవరో ఒకరు కువైట్‌లో పనిచేస్తుంటారు, ఎందుకంటే కడప, రాయచోటి, పులివెందుల ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా వేలాదిమంది స్త్రీ పురుషులు ఆ దేశానికి పనికోసం వెళ్తున్నారు. గండికి సమీపంలోని ఇడుపులపాయలోనే, గ్రామీణ విద్యార్థులకు పదో తరగతి తర్వాత ఆరేళ్ల సాంకేతిక విద్యనందించే రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణం 2008లో ఏర్పడింది. కంప్యూటర్ ముఖం చూడని పల్లెల పిల్లలకు అక్కడ ల్యాప్‌టాప్‌లు ఇచ్చి పాఠాలు చెప్పారు. అటువంటి ఈ నేల మీద నిలబడి, ఒక తల్లి కువైట్‌లోని కొడుకుకు తన ఫోనులో ‘గండి’ అనే రెండక్షరాల మాట టైపు చేసి పంపిందని అనుకుంటే, ఆమె వేలు తెరను తాకిన క్షణం నుంచి జరిగేదంతా కంప్యూటర్, ఇంటర్నెట్లకు సంబంధించిందే.

ఆమె చేతిలోని ఫోను కూడా కంప్యూటరే. ముందుగా రాసిపెట్టిన సూచనల ప్రకారం సంఖ్యలపై పనిచేసే ఏ యంత్రాన్నయినా కంప్యూటర్ అనవచ్చు. బల్ల మీద ఉందా, జేబులో ఉందా అన్నది కేవలం పరిమాణానికి సంబంధించిన విషయం. చేతితో తాకగలిగే భాగాలన్నీ, అంటే తెర, బ్యాటరీ, చిప్పులు మొదలైనవన్నీ హార్డ్‌వేర్ అనిపించుకుంటాయి. వాటిని నడిపే సూచనల సముదాయం సాఫ్ట్‌వేర్. ఈ యంత్రం లోపల ట్రాన్సిస్టర్లు అనే అతిసూక్ష్మమైన స్విచ్చులు కోట్ల సంఖ్యలో ఉంటాయి, ఒక్కొక్కటి విద్యుత్తును పోనిస్తుంది లేదా ఆపుతుంది. ఈ రెండు స్థితులనూ పొరపాటు లేకుండా గుర్తించడం తేలిక కాబట్టే, పది అంకెలకు బదులు 0, 1 అనే రెండింటితోనే లెక్కంతా సాగుతుంది. అలాంటి ఒక్కొక్క అంకెను బిట్ అంటారు. ఎనిమిది బిట్లు కలిస్తే బైట్, దానితో 0 నుంచి 255 దాకా 256 వేర్వేరు విలువలు చూపవచ్చు. వెయ్యి బైట్లు కిలోబైట్, పది లక్షలు మెగాబైట్, వంద కోట్లు గిగాబైట్. ఫోన్ల దుకాణంలో వినిపించే జీబీ అన్న మాటకు మూలం ఇదే.

అంకెలు తప్ప మరేమీ ఎరగని ఈ యంత్రానికి ‘గ’ అంటే ఏమిటో తెలియాలంటే, ఆ అక్షరానికి ఒక సంఖ్యను కేటాయించాలి, ఆ కేటాయింపును ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఒప్పుకోవాలి. ఈ ఒప్పందం పేరే యూనికోడ్. భారతీయ లిపుల కోసం 1988లో మన దేశంలో రూపొందిన ఇస్కీ అనే ప్రమాణాన్ని ఆధారం చేసుకుని, 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు దక్కాయి. వీటిలో ‘గ’ సంఖ్య 3095, సున్నా 3074, ‘డ’ 3105, గుడి 3135. కంటికి రెండక్షరాలుగా కనిపించే ‘గండి’ కంప్యూటర్‌కు ఈ వరుసలో వచ్చే నాలుగు సంఖ్యలు. ‘ప్రొద్దుటూరు’ అయితే వత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకు వచ్చి పన్నెండు సంఖ్యలవుతుంది. గుడిని ‘డ’ నెత్తిన ఎక్కించడం, వత్తును కింద తగిలించడం వంటి రూపకల్పనంతా ఫాంటు పని; యంత్రం దాచుకునేదీ పంపేదీ మాత్రం సంఖ్యలనే.

ఈ సంఖ్యలను బైట్లుగా పేర్చేందుకు ఇంటర్నెట్‌లో అత్యధికంగా వాడే పద్ధతి యూటీఎఫ్-8. దీనిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైట్ చాలగా, తెలుగు సంఖ్య ఒక్కొక్కదానికి మూడు బైట్లు కావాలి. ‘గ’ అనేది 224, 176, 151 అనే మూడు బైట్లుగా మారుతుంది. ఆ లెక్కన ‘గండి’ పన్నెండు బైట్లు. పాతకాలపు ఎస్సెమ్మెస్‌లో ఈ తేడా మరింత కొట్టొచ్చినట్టు కనిపించేది: అది వేరొక పద్ధతిని అనుసరించి ఒక్క సందేశంలో 140 బైట్లకే చోటిచ్చేది కాబట్టి, ఇంగ్లీషు లిపిలో 160 గుర్తులు పట్టే చోట తెలుగులో 70 మాత్రమే పట్టేవి, వత్తులూ గుణింతాలూ ఆ డెబ్భైలోనే పోయేవి. తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే అలవాటు బలపడడానికి ఇదీ ఒక కారణమే. ఆ అలవాటుకు రాసేవారిని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు.

యూనికోడ్ విలువ తెలియాలంటే అది లేని చోటును చూడాలి. పెండ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు తయారుచేసే డీటీపీ కేంద్రాల్లో అనూ ఫాంట్లు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. వాటిలో తెర మీద ‘గ’ కనిపించినా, లోపల దాగి ఉన్నది ఏదో ఒక లాటిన్ గుర్తుకు చెందిన సంఖ్యే. ఆ గుర్తు స్థానంలో తెలుగు బొమ్మను చూపేది ఫాంటు. ఆ పాఠాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే అక్కడ ఆ ఫాంటు ఉండదు కనుక అర్థంలేని గుర్తులు ప్రత్యక్షమవుతాయి. తెలుగు పత్రికల తొలినాటి వెబ్‌సైట్లు తమ సొంత ఫాంటును పాఠకులు దించుకుంటే తప్ప చదవడానికి వీలుకాకపోవడమూ ఇందువల్లే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే యూనికోడ్ ఫాంటు, ఆ రోజుల్లోనే తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు అందుబాటులోకి రావడంతో, ఎక్కడ రాసినా ఎక్కడైనా చదవగల తెలుగుకు దారి ఏర్పడింది. వెతకడానికీ, వరుసలో పేర్చడానికీ, యంత్రం చేత చదివించడానికీ పనికివచ్చే తెలుగు ఇదే. అనూ లిపిలో మిగిలిపోయిన వేలాది పుటల్లోని పాఠం మార్పిడి జరిగేదాకా కంప్యూటర్ దృష్టిలో తెలుగు కానే కాదు.

ఈ విషయంలో కడప జిల్లాకు ప్రత్యేకంగా దక్కవలసిన ప్రస్తావన ఒకటి ఉంది. యర్రగుంట్ల మండలంలోని కలమల్లలో దొరికిన, క్రీ.శ. 575 ప్రాంతానిదిగా పండితులు భావించే శాసనంతో మొదలయ్యే రేనాటి చోళుల తెలుగు శాసనాల్లో, తర్వాతి కాలంలో వాడుక తప్పిన ‘ఴ’ అనే అక్షరం కనిపిస్తుంది. రాతి మీద పద్నాలుగు శతాబ్దాలుగా ఉన్న ఈ అక్షరానికి కంప్యూటర్‌లో స్థానం లేకపోవడంతో, శాసనపాఠాన్ని ఎక్కించేవారు దాని బదులు ‘ళ’ వంటి మరో అక్షరం రాయవలసి వచ్చేది. 2014లో వెలువడిన యూనికోడ్ ఏడవ కూర్పు దీనికి 3124 అనే సంఖ్యను ఇచ్చింది. అంతకుముందే, 2008లో, ‘ౘ’, ‘ౙ’లకు కూడా స్థానాలు లభించాయి. ఒక అక్షరానికి సంఖ్య దక్కడమంటే, అది ఉన్న పాఠాన్ని ఉన్నదున్నట్టు భద్రపరచి, వెతికి, ముందు తరాలకు అందించే వీలు కలగడం. భాష భవిష్యత్తు గురించి మాట్లాడేవారు ఇటువంటి పనికి ఇప్పుడిచ్చేదానికన్నా ఎన్నోరెట్లు ఎక్కువ గౌరవం ఇవ్వాలి.

సంఖ్యలుగా మారిన మాట ఫోనులో రెండు చోట్ల నిలుస్తుంది. కరెంటు ఉన్నంతసేపే నిలిచి, పని జరుగుతున్న సమాచారానికి చోటిచ్చేది ర్యామ్. ఫోను ఆపేసినా చెక్కుచెదరనిది స్టోరేజి. ప్రొద్దుటూరు నగల దుకాణంలో బేరానికి బల్ల మీద పరచిన సరుకు ర్యామ్ అయితే, రాత్రికి ఇనప్పెట్టెలోకి చేరేది స్టోరేజి. బల్ల విశాలంగా ఉంటే ఒకేసారి ఎక్కువ నగలు చూపవచ్చు కాని, దానివల్ల పెట్టెలో పట్టే బంగారం పెరగదు. ర్యామ్ ఎనిమిది జీబీ, స్టోరేజి 128 జీబీ అని దుకాణదారు చెప్పేదానికి అర్థం ఇదే. ఆ 128లో కొంత భాగాన్ని ఆపరేటింగ్ సిస్టమ్, అంటే హార్డ్‌వేర్‌ను, ఇతర సాఫ్ట్‌వేర్‌ను సమన్వయపరిచే మూల సాఫ్ట్‌వేర్ ముందే ఆక్రమిస్తుంది, అందుకే కొత్త ఫోనులోనూ పూర్తి ఖాళీ కనిపించదు. దాని మీద ఒక్కొక్క పనికోసం నడిచే సాఫ్ట్‌వేర్‌ను యాప్ అంటారు.

తల్లి ‘పంపు’ గుర్తును నొక్కగానే, ఆ పన్నెండు బైట్లకు ఎవరు పంపారు, ఎవరికి చేరాలి, ఏ సమయంలో పంపారు వంటి వివరాలు తోడై, ప్యాకెట్ అనే చిన్న మూట తయారవుతుంది. పెద్ద ఫొటో అయితే వందలాది ప్యాకెట్లుగా విడిపోయి, వేర్వేరు దారుల్లో వెళ్లినా గమ్యంలో వరుస సరిచూసుకుని మళ్లీ ఒకటవుతుంది. ఫోను ఈ ప్యాకెట్‌ను రేడియో తరంగాలుగా సమీపంలోని టవర్‌కు అందిస్తుంది. కొండలు ఈ తరంగాలకు అడ్డు కనుకనే గండి వంటి చోట్ల నాలుగడుగులు పక్కకు జరిగితే సిగ్నల్ మారిపోతుంది. టవర్ దాటిన తర్వాత ప్రయాణం దాదాపు అంతా తీగల్లోనే సాగుతుంది. మధ్యలో ఎదురయ్యే రౌటర్ అనే యంత్రం ప్యాకెట్ మీది చిరునామా చూసి తర్వాతి మజిలీని నిర్ణయిస్తుంది. ఈ చిరునామాను ఐపీ అడ్రస్ అంటారు. 32 బిట్ల పాత పద్ధతిలో దాదాపు 429 కోట్ల చిరునామాలే సాధ్యం, ప్రపంచ జనాభాకే అవి చాలవు; అందుకే 128 బిట్ల కొత్త పద్ధతి వచ్చింది.

ఒకదానితో ఒకటి సమాచారం మార్చుకునే కంప్యూటర్ల గుంపు నెట్‌వర్క్ అయితే, అటువంటి అసంఖ్యాకమైన నెట్‌వర్కులు ఒకే రకమైన నియమాలకు కట్టుబడి కలిసిన మహా నెట్‌వర్కే ఇంటర్నెట్. ఆ నియమాలను ప్రొటోకాల్ అంటారు. అమెరికాలో 1969 అక్టోబరు 29న రెండు పరిశోధన సంస్థల కంప్యూటర్ల మధ్య తొలి సందేశాన్ని మోసిన అర్పానెట్, 1983 జనవరి 1న టీసీపీ-ఐపీ అనే ప్రొటోకాల్‌కు మారింది. నేటికీ ఇంటర్నెట్‌కు పునాది అదే. భారతదేశంలో సామాన్య ప్రజలకు విదేశ్ సంచార్ నిగమ్ ఈ సేవను 1995 ఆగస్టు 15న ప్రారంభించింది. ఇంటర్నెట్‌కు ఏకైక యజమాని లేరు. కాని దానిలోని ప్రతి తీగకూ ప్రతి యంత్రానికీ ఒక యజమాని ఉన్నారు.

ఆ తీగల్లో ముఖ్యమైనవి సముద్రగర్భంలో ఉన్నాయి. ఇంటర్నెట్ ఉపగ్రహాల ద్వారా వస్తుందన్న నమ్మకం చాలామందిలో ఉన్నా, ఖండాల మధ్య జరిగే సమాచార ప్రసారంలో దాదాపు అంతా ఆప్టికల్ ఫైబర్ కేబుళ్ల ద్వారానే సాగుతోంది. ఫైబర్ అంటే వెంట్రుకంత సన్నని గాజుపోగు; దానిలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్ల వేగంతో, లోపలి గోడలకు ప్రతిఫలిస్తూ బయటికి పోకుండా ప్రయాణిస్తుంది. ముంబయి, చెన్నై, కొచ్చిన్ వంటి తీరాల్లో ఇటువంటి కేబుళ్లు ఒడ్డుకు చేరతాయి; ముంబయిని గల్ఫ్ దేశాలతో, కువైట్‌తో కలిపే ఫాల్కన్ కేబుల్ వీటిలో ఒకటి. ప్యాకెట్ నడిచే దారి ఆరు వేల కిలోమీటర్లు ఉందనుకుంటే, కాంతికి పట్టే సమయం సెకనులో వందో వంతుకు మూడింతలు మాత్రమే. 2008 జనవరి చివర్లో ఈజిప్టు తీరాన అలెగ్జాండ్రియా దగ్గర రెండు కేబుళ్లు, ఆ వెంటనే దుబాయి సమీపంలో ఫాల్కన్ కేబుల్ తెగిపోవడంతో భారతదేశంలో, గల్ఫ్‌లో ఇంటర్నెట్ రోజుల తరబడి కుంటుపడింది. ఫాల్కన్ తెగిన చోట ఓడ వదిలేసిన లంగరు దొరికింది. నెట్ స్లోగా ఉందన్న ఫిర్యాదుకు కారణం కొన్నిసార్లు ఇంత దూరాన, ఇంత లోతున ఉండవచ్చు.

వేగం అన్న మాటలోనే రెండు వేర్వేరు విషయాలున్నాయి. ఒక సెకనులో ఎంత సమాచారం పారగలదో చెప్పేది బ్యాండ్‌విడ్త్; ఒక్క ప్యాకెట్ వెళ్లడానికి పట్టే ఆలస్యాన్ని చెప్పేది లేటెన్సీ. వీడియో కాల్‌లో మాట ఆలస్యంగా వినిపించడానికి తరచు రెండోది కారణం. బ్యాండ్‌విడ్త్‌ను కంపెనీలు బిట్లలో, ఫైళ్ల పరిమాణాన్ని కంప్యూటర్లు బైట్లలో చెబుతాయి కనుక, వంద ఎంబీపీఎస్ కనెక్షన్‌లో సెకనుకు దిగేది వంద మెగాబైట్లు కాదు, పన్నెండున్నర మాత్రమే. ఈ తేడా తెలియక మోసపోయామనుకునే వినియోగదారులు ఎందరో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2015లో ఏర్పడిన ఫైబర్‌నెట్ సంస్థ, భూమిని తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే ఫైబర్ లాగి, పల్లెలకు చవకగా కనెక్షన్ ఇచ్చే మార్గాన్ని ఎంచుకుంది.

తల్లి పంపిన ప్యాకెట్ నేరుగా కొడుకు ఫోనుకు వెళ్లదు. మొదట ఆమె వాడిన యాప్‌ను నడిపే కంపెనీ సర్వర్‌కు చేరుతుంది. అడిగినవారికి అడిగింది అందించడానికి రాత్రింబగళ్లు వెలిగి ఉండే కంప్యూటరే సర్వర్. కొడుకు ఫోను ఆపి ఉంటే సందేశం అంతవరకు అక్కడే వేచి ఉంటుంది. ఇటువంటి సర్వర్లను వేల సంఖ్యలో ఒక్కచోట చేర్చిన భవనం డేటా సెంటర్. వాటిలో చోటును అద్దెకిచ్చే ఏర్పాటునే క్లౌడ్ అంటున్నారు. అమెజాన్ సంస్థ 2022 నవంబరులో హైదరాబాద్‌లో ఇటువంటి కేంద్రాల సముదాయాన్ని ప్రారంభించగా, విశాఖపట్నంలో భారీ డేటా కేంద్రాన్ని నిర్మిస్తామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. ఈ యంత్రాలు విడుదల చేసే వేడిని తగ్గించడానికి విద్యుత్తూ, చాలాచోట్ల నీళ్లూ పెద్ద మొత్తంలో కావాలి కనుక, క్లౌడ్ ఎక్కడ ఉండాలన్నది నీటి విలువ తెలిసిన రాయలసీమ వాసులు కూడా చర్చించవలసిన విషయం.

రైతులకు సుపరిచితమైన అడంగల్, 1-బి పత్రాలు ‘మీభూమి’ ద్వారా తెర మీదికి వచ్చేది కూడా ఒక సర్వర్ నుంచే. సర్వే నెంబరు, ఖాతా, విస్తీర్ణం వంటి వివరాలను వరుసలూ నిలువు గళ్లుగా పేర్చి, కోరిన దానిని క్షణంలో వెతికి తీయగలిగేలా ఉంచిన సమాచార నిధిని డేటాబేస్ అంటారు. ‘సర్వర్ డౌన్’ అన్నప్పుడు నిజంగా ఆ సర్వర్ ఆగి ఉండవచ్చు, లేదా దానిదాకా వెళ్లే దారిలో ఎక్కడో తీగ తెగి ఉండవచ్చు. పక్క ఊరి కేంద్రంలో అదే పని జరుగుతుంటే లోపం దారిలో ఉందని గ్రహించవచ్చు.

మీభూమిని చూడడానికి వాడే బ్రౌజర్, వెబ్ పేజీలను తెచ్చి చూపే సాఫ్ట్‌వేర్. వెబ్, ఇంటర్నెట్ ఒకటే అనుకోవడం సాధారణమైన పొరపాటు: ఇంటర్నెట్ దారుల వ్యవస్థ కాగా, వెబ్ ఆ దారుల మీద నడిచే అనేక సేవల్లో ఒకటి. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్-లీ 1989లో దీనిని ప్రతిపాదించగా, 1993లో ఆ సంస్థ దానిని రుసుము లేకుండా లోకానికి ఇచ్చింది. వెబ్‌సైట్ పేరు టైపు చేస్తే, దానికి తగిన ఐపీ అడ్రస్‌ను చెప్పే వ్యవస్థను డీఎన్ఎస్ అంటారు. ఈ పేర్లు ఇప్పుడు తెలుగు లిపిలో ‘.భారత్’ అన్న తోకతో కూడా నమోదు చేసుకోవచ్చు.

సందేశం ఇన్ని చేతులు మారుతున్నప్పుడు దారిలో ఎవరూ చదవకుండా కాపాడేది ఎన్‌క్రిప్షన్, అంటే అంకెలను రహస్య తాళంచెవితో కలగాపులగం చేసి, సరైన తాళంచెవి ఉన్నవారికి మాత్రమే తిరిగి అర్థమయ్యేలా చేసే గణిత ప్రక్రియ. వాట్సాప్ 2016 నుంచి వాడుతున్న పద్ధతిలో ఆ తాళంచెవి పంపినవారి, అందుకున్నవారి ఫోన్లలోనే ఉంటుంది. నడుమనున్న సర్వర్‌కు సందేశంలో ఏముందో తెలియదు, ఎవరు ఎవరికి పంపారో మాత్రం తెలుస్తుంది. బ్రౌజర్‌లో కనిపించే తాళంకప్ప గుర్తు దారి భద్రంగా ఉందని చెబుతుందే తప్ప, అవతలివారు నమ్మదగినవారని చెప్పదు. మోసగాళ్ల వెబ్‌సైట్‌కూ ఆ గుర్తు ఉండవచ్చు.

డబ్బు విషయంలో ఈ భేదం మరింత ముఖ్యం. జాతీయ చెల్లింపుల సంస్థ 2016లో ప్రవేశపెట్టిన యూపీఐలో, పిన్ అనేది ఖాతా నుంచి డబ్బు బయటికి పోవడానికి ఖాతాదారు ఇచ్చే అనుమతి. డబ్బు అందుకోవడానికి పిన్ నొక్కవలసిన అవసరం ఎన్నడూ రాదు. ఓటీపీ అంటే ఒక్కసారికే చెల్లి, కొద్ది నిమిషాల్లో కాలం తీరిపోయే సంకేత సంఖ్య. అది ఎవరి ఫోనుకు వచ్చిందో వారే లావాదేవీ చేస్తున్నారని బ్యాంకు సర్వర్ నమ్ముతుంది, కాబట్టి దానిని ఫోనులో ఇంకొకరికి చదివి వినిపిస్తే బ్యాంకు ఆ ఇంకొకరిని ఖాతాదారుగానే లెక్కిస్తుంది. గణితం పకడ్బందీగా ఉన్న చోట మోసగాళ్లు తాళాన్ని పగలగొట్టే ప్రయత్నం మాని, తాళంచెవిని అడిగి తీసుకునే దారి పడతారు. బ్యాంకు అధికారినని, పార్సెల్ వచ్చిందని, పోలీసునని వచ్చే ఫోన్లన్నీ ఆ కోవలోవే. డబ్బు పోయిన వెంటనే 1930 నెంబరుకు ఫోను చేస్తే, ఆ సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మళ్లిపోయేలోగా బ్యాంకులు దానిని నిలిపివేసే అవకాశం ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది.